తెలుగు ఫైళ్ల మీద ప్రోగ్రాం నడిపే ముందు జాగ్రత్తలు

తెలుగు, హిందీ, తమిళం లాంటి భాషల టెక్స్ట్ ఫైళ్ల మీద పైతాన్ ప్రోగ్రాం నడపబోతున్నారా? ముందు అసలు ఫైలును వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని రీడ్ ఓన్లీ చేయండి. ఓపెన్ ఫంక్షన్‌కు రైట్ (రాసే) మోడ్ ఇచ్చిన మరుక్షణమే, ఒక్క అక్షరం రాయకముందే, ఫైల్లో పాతదంతా చెరిగిపోతుంది. ఆ తర్వాతి లైన్లో ఎర్రర్ వస్తే మిగిలేది ఖాళీ ఫైలే. అందుకే ఫలితాన్ని ఎప్పుడూ కొత్త పేరుతో రాయండి. తెరిచి చూసుకున్నాకే పేరు మార్చండి.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చి దాచే పద్ధతి) ఏదో చెప్పకపోతే, ఇప్పుడు వాడుకలో ఉన్న చాలా పైతాన్ వెర్షన్లు ఆపరేటింగ్ సిస్టమ్ సెట్టింగునే తీసుకుంటాయి. లినక్స్‌లో అది సాధారణంగా అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8, విండోస్‌లో చాలాచోట్ల తెలుగు అక్షరాలే లేని సీపీ-1252. ఒక కంప్యూటర్లో బాగా నడిచిన ప్రోగ్రాం ఇంకోదాంట్లో తెలుగును పాడుచేసేది ఇందుకే. చదివేచోటా రాసేచోటా యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి.

తెలుగు ఉండాల్సినచోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే భయపడకండి, కానీ సేవ్ మాత్రం చేయకండి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింటూ (అక్షరానికో గుణింతపు గుర్తుకో యూనికోడ్ పట్టిక ఇచ్చే సంఖ్య) 3 బైట్లు. వాటిని సీపీ-1252 మూడు వేర్వేరు అక్షరాలుగా చదివింది, అంతే. ఫైలు మూసి యూటీఎఫ్-8తో తెరిస్తే తెలుగు తిరిగొస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం, ఎర్రర్ నోరు నొక్కేయడం. ఓపెన్ ఫంక్షన్‌లో ఎర్రర్స్ అనే ఆప్షన్ దగ్గర ఇగ్నోర్ పెడితే చదవలేని బైట్లు చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. రీప్లేస్ పెట్టి చదివి సేవ్ చేస్తే ప్రశ్నార్థకం ఉన్న � గుర్తులు మిగులుతాయి, అసలు అక్షరం ఇక రాదు. ఎన్‌కోడింగ్‌గా లాటిన్-1 పెడితే ఎర్రరే రాదు. 256 రకాల బైట్లకూ దాంట్లో ఏదో ఒక అక్షరం ఉంటుంది మరి. అది సరైన ఎన్‌కోడింగ్ అనడానికి సాక్ష్యం కాదు. ఎర్రర్స్ దగ్గర మామూలుగా ఉండే స్ట్రిక్ట్‌నే ఉంచండి. ఏ స్థానంలో ఏ బైట్ తప్పిందో ఎర్రరే చెబుతుంది.

ఎక్సెల్ నుంచి వచ్చిన సీఎస్‌వీలో మొదటి కాలమ్ పేరు కళ్లెదుట ఉన్నా ప్రోగ్రాంకు దొరకకపోతే, ఫైలు మొదట్లో కనిపించని బామ్ గుర్తు (ఫైలు యూటీఎఫ్-8 అని తెలిపే మూడు బైట్లు) ఉందేమో చూడండి. యూటీఎఫ్-8-సిగ్ అనే ఎన్‌కోడింగ్‌తో చదివితే పోతుంది. అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు మాత్రం ఎన్‌కోడింగ్ మారిస్తే బాగుపడవు. వాటిని ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి.

ఇక అక్షరాల లెక్క. 'తెలుగు' చూపుకు మూడక్షరాలు. కోడ్‌పాయింట్లు లెక్కించే లెన్ ఫంక్షన్ ఇచ్చే జవాబు 6, బైట్లు 18. టెక్స్ట్‌లో నమూనాలు వెతికే పైతాన్ ఆర్‌ఈ మాడ్యూల్లో, అక్షరాలనూ అంకెలనూ పట్టే బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ (\w) గుణింతపు గుర్తులను పట్టుకోదు, దాంతో ఆ పదం త, ల, గ అని ముక్కలవుతుంది. ఖాళీల దగ్గర విడగొట్టడం మేలు.

రెండు పదాలు ఒకేలా కనిపించినా సమానం కావంటే రెండు అనుమానాలు: ఐత్వాన్ని ఒకే కోడ్‌పాయింటుగానూ, రెండుగానూ రాయవచ్చు, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్కపక్క అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే గుర్తు) ఉండవచ్చు. పోల్చేముందు రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీలోకి (ఇలాంటి రెండు రూపాలను ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) మార్చండి. ఈ నాన్ జాయినర్‌ను పోల్చే కాపీలోంచే తీయండి, అసలు పాఠంలోంచి తీస్తే పదం రూపమే మారిపోతుంది.