పాత పేపరుతో ఒత్తుల సాధన

మూడో తరగతి పిల్లలు పాఠంలోని ఒత్తులను తడుముకోకుండా చదివినా, అదే ఒత్తు కొత్త పదంలో కనిపిస్తే ఆగిపోతారు. నేర వార్తల పేజీలను ముందుగానే తీసివేసి, నలుగురికి ఒక పేజీ చొప్పున పాత దినపత్రికను ఇచ్చి, పెద్ద శీర్షికలలో ఆ రోజు నేర్పే ఒత్తు ఉన్న పదాలకు 10 నిమిషాలలో ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టించండి. దాదాపు ప్రతిరోజూ కనిపించే ‘ముఖ్యమంత్రి’లోనే యవత్తు, రవత్తు రెండూ ఉన్నాయి. తరువాత అయిదేసి పదాలను కత్తిరించి నోటుపుస్తకంలో అంటింపజేసి, ఒక జట్టు పదాలను మరొక జట్టుచేత చదివించాలి. సినిమా, ప్రకటనల పేజీలను మాత్రం ఇవ్వకండి. అలంకరించిన ఆ అక్షరాలలో ఒత్తు పై అక్షరంలో కలిసిపోయి, బాగా చదివే పిల్లలు కూడా పొరబడతారు.