రీసైజ్ సగంలో ఆగి డ్రైవ్ మాయమైతే

సీ డ్రైవ్ నిండిపోయిందని డీ డ్రైవ్‌లో కొంత కోసి ఇటు కలపబోతే, మధ్యలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే డీ లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ చోట 'అన్‌అలొకేటెడ్' (దేనికీ కేటాయించని చోటు) అనో, 'రా' (విండోస్ చదవలేకపోతున్న డ్రైవ్) అనో కనిపిస్తోంది. చాలాసార్లు ఫైళ్లు డిస్క్ మీదే ఉంటాయి. చెడిపోయింది పార్టిషన్ (డిస్క్‌లో ఒక్కో డ్రైవ్‌కు కేటాయించిన భాగం) ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉన్న పట్టిక మాత్రమే.

'ఫార్మాట్ చేయాలా', 'డిస్క్ ఇనిషియలైజ్ చేయాలా' అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి. డిస్క్ లోపాలు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ జోలికి అసలు పోవద్దు. హద్దులు తప్పుగా ఉన్నప్పుడు అది తనకు తోచినట్టు సర్దేసి, దొరకాల్సిన ఫైళ్లను కూడా పాడుచేస్తుంది. ఖాళీగా కనిపించే చోట కొత్త పార్టిషన్ చేయొద్దు. ఎస్‌ఎస్‌డీ అయితే వెంటనే షట్‌డౌన్ చేయండి. ఇక అక్కర్లేని డేటాను చెరిపేయొచ్చని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ ఆదేశం వెళ్లిన సెక్టార్లలోని (డిస్క్‌లోని చిన్న చిన్న గడుల్లోని) డేటాను ఏ టూలూ వెనక్కి తేలేదు.

పని ఏ దశలో ఆగిందో గుర్తుచేసుకోండి, మిగతాదంతా దాన్ని బట్టే ఉంటుంది. తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్ (పార్టిషన్‌లో ఫైళ్లను అమర్చే ఏర్పాటు) కుదించుకుంటుంది, ఆ తర్వాత పట్టిక మారుతుంది. పెంచేటప్పుడు ముందు పట్టిక, తర్వాత ఫైల్ సిస్టమ్. ఈ రెండిట్లోనూ ఆశ ఎక్కువే. పార్టిషన్ మొదలునే పక్కకు జరిపే పని సగంలో ఆగితే మాత్రం కష్టం, దాని సంగతి చివర్లో చూద్దాం.

తర్వాత డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా నకలు తీయాలి. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేస్తే, ఇమేజ్ తీసే డీడీరెస్క్యూ, పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ రెండూ అందులోనే ఉంటాయి. ఇమేజ్ దాచే డిస్క్ పాతదాని కంటే పెద్దదై ఉండాలి. 1 టీబీ డిస్క్‌కు సెకనుకు 100 ఎంబీ వేగంతో దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. డీడీరెస్క్యూకు మ్యాప్ ఫైల్ (ఎంతవరకు కాపీ అయిందో రాసుకునేది) పేరు తప్పకుండా ఇవ్వండి, మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగుతుంది. ఏది పాతది, ఏది కొత్తదో మోడల్ పేరు, సైజు చూసి నిర్ధారించుకోండి. ఇక్కడ తారుమారైతే ఇక చేసేదేమీ ఉండదు.

ఇప్పుడు టెస్ట్‌డిస్క్‌కు డిస్క్ బదులు ఆ ఇమేజ్ ఫైల్ పేరిచ్చి తెరవండి. పట్టిక రకాన్ని అదే ఊహిస్తుంది: కొత్త కంప్యూటర్లలో 'ఈఎఫ్ఐ జీపీటీ', పాతవాటిలో 'ఇంటెల్'. అనలైజ్, ఆ తర్వాత క్విక్ సెర్చ్. దొరికిన పార్టిషన్ మీద కర్సర్ పెట్టి 'పి' నొక్కితే ఫోల్డర్లు కనిపిస్తాయి. పేర్లు సరిగ్గా కనిపిస్తే సగం గండం గడిచినట్టే. అక్కడే కావాల్సిన ఫైళ్లను గుర్తుపెట్టి, క్యాపిటల్ 'సి' నొక్కి వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. పట్టిక రాయడం ఆ తర్వాతి మాట. క్విక్ సెర్చ్‌లో దొరక్కపోతే డీపర్ సెర్చ్ నడపండి. అది డిస్క్ పొడవునా వెతుకుతుంది కాబట్టి గంటలు పడుతుంది.

రీసైజ్ చెడిన డిస్క్‌లో ఒకే పార్టిషన్ రెండు సైజుల్లో దొరకడం మామూలే. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ తన బూట్ సెక్టార్ (సైజు వివరాలుండే మొదటి సెక్టార్) నకలును పార్టిషన్ చివరి సెక్టార్‌లో దాచుకుంటుంది. తగ్గించాక పాత చివర్లోని నకలు అలాగే మిగిలిపోయి, పాత సైజును కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్కోదాన్ని 'పి'తో తెరిచి, నాలుగైదు పెద్ద ఫైళ్లు కాపీ చేసి చూడండి. వీడియోలు చివరి దాకా ఆడాలి, జిప్‌లు ఎర్రర్ లేకుండా విప్పుకోవాలి. పేర్లు కనిపించినంత మాత్రాన లోపల సరిగ్గా ఉందని అనుకోవద్దు. రెండూ సరిపోతున్నట్టుంటే పెద్ద సైజే మేలు, కానీ అది మరో పార్టిషన్ మీదకు రాకూడదు. పార్టిషన్ కంటే ఫైల్ సిస్టమ్ చిన్నదైతే ఏమీ కాదు, పెద్దదైతే డ్రైవ్ తెరుచుకోదు.

జీపీటీ డిస్క్‌లో పట్టిక నకలు చివరి 33 సెక్టార్లలో ఉంటుంది. ముందరి పట్టిక మాత్రమే దెబ్బతింటే, జీపీటీ పట్టికలను సరిచేసే టూల్ జీడిస్క్‌లో 'ఆర్' నొక్కి రికవరీ మెనూలోకి వెళ్లండి. 'బి' పట్టిక తలభాగమైన హెడర్‌ను, 'సి' అందులోని పార్టిషన్ల ఎంట్రీలను నకలు నుంచి తెస్తాయి. 'వి'తో సరిచూసుకున్నాకే 'డబ్ల్యూ'తో రాయండి. పార్టిషన్‌ను చేత్తో డిలీట్ చేసి ఉంటే మాత్రం రెండు పట్టికలూ మారిపోయి ఉంటాయి, ఈ దారి పనికిరాదు. విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ ఉన్న డ్రైవ్‌లో ఫైళ్ల జాబితా రాదు. హద్దులు సరిచేశాక 48 అంకెల రికవరీ కీతో తెరవాలి.

ఇక జరిపే పని సగంలో ఆగిన కేసు. ఎడమకు 50 జీబీ జరుపుతుంటే ఆ దూరం 512 బైట్ల సెక్టార్లలో 10,48,57,600. మొదటి నుంచి కాపీ అవుతూ వస్తుంది కాబట్టి, ఆగిన చోటుకు ముందున్నది కొత్త స్థానంలో, తర్వాతిది పాత స్థానంలో ఉంటుంది. ఆఖర్న కాపీ అయిన ఆ 50 జీబీ మాత్రం రెండు చోట్లా ఉంటుంది. ఇమేజ్‌లో ఒక సెక్టార్‌నూ, దానికి సరిగ్గా ఆ దూరంలో ఉన్న సెక్టార్‌నూ పోలుస్తూ వెళ్తే, ఒకేలా ఉన్న పొడవాటి వరుస ఎక్కడ తెగుతుందో అదే ఆగిన చోటు. ఉత్త సున్నాలున్న సెక్టార్లు ఎక్కడైనా సరిపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ చోటు దాకా కొత్త స్థానం నుంచి, ఆ తర్వాతిది పాత స్థానం నుంచి తీసి ఒక కొత్త ఫైల్‌లో వరుసగా అతికిస్తే మొత్తం పార్టిషన్ తయారవుతుంది. కుడివైపు జరిపి ఉంటే కాపీ చివరి నుంచి మొదలవుతుంది, లెక్క తిరగేయండి. రీసైజ్‌ను జీపార్టెడ్ అనే పార్టిషన్ టూల్‌తో చేసి ఉంటే, జరిపిన దూరం దాని వివరాల్లో ఉంటుంది. సేవ్ చేసుకోకపోతే పాత, కొత్త మొదళ్ల తేడా నుంచి లెక్కగట్టాలి.

ఇమేజ్ మీద అంతా సరిపోయాకే అసలు డిస్క్ మీద అవే మెట్లు మళ్లీ చేసి, టెస్ట్‌డిస్క్‌లో 'రైట్' నొక్కి, 'వై' అని ఒప్పుకుని రీబూట్ చేయండి. డ్రైవ్ తెరుచుకోక 'రా' అనే చూపిస్తే అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, 'బూట్'లో 'బ్యాకప్ బీఎస్' (బూట్ సెక్టార్ నకలు) ఎంచుకోండి. విండోస్ ఉన్న పార్టిషనే పోయి, తెచ్చాక కూడా బూట్ కాకపోతే, ఇన్‌స్టలేషన్ యూఎస్‌బీ కమాండ్ ప్రాంప్ట్ నుంచి బీసీడీబూట్ కమాండ్ నడిపి బూట్ ఫైళ్లు కొత్తగా రాయించండి. ఇమేజ్‌ను మాత్రం కొన్ని రోజుల వరకు డిలీట్ చేయొద్దు, ఏ ఫైల్ చెడిందో వాడేటప్పుడే బయటపడుతుంది.