ఎంసెట్ వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి?

మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు పరీక్ష బాగానే రాస్తారు. సీటు చేజారేది ర్యాంకు వచ్చాక, ఆప్షన్లు పెట్టే, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వెబ్‌సైట్లో వరసగా ఎంచుకునే ఆ కొద్ది రోజుల్లోనే. అందుకే పరీక్ష సంగతి, కాగితాల సంగతి గబగబా చెప్పేసి అసలు విషయానికి వస్తాను.

పరీక్ష: పేరు ఈఏపీసెట్‌గా మారినా అందరూ ఇప్పటికీ ఎంసెట్ అనే అంటున్నారు. ఇంజనీరింగ్‌కి 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. కెమిస్ట్రీతో మొదలుపెట్టండి, లెక్కలు చివర. వేరే వరసలో వెళ్లొద్దు. ర్యాంకు లెక్కలో ఎంసెట్‌కి 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకి 25 శాతం వెయిటేజీ ఉంటుంది. ఇంటర్ మార్కులదేముందిలే అనుకుంటే అక్కడే దెబ్బ తింటారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. బస్సును నమ్ముకుని పొద్దున్నే బయల్దేరే కంటే, సెంటర్ ఉన్న ఊళ్లో బంధువులెవరైనా ఉంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లిపోండి.

కాగితాలు: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, మార్కుల మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ర్యాంకు రాకముందే సిద్ధంగా పెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదల కోటా) వాళ్లు ఆ ఏడాదికి చెల్లే సర్టిఫికెట్టే తీసుకోవాలి. కౌన్సెలింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు.

ఇక ఆప్షన్లు.

మొదట కంప్యూటర్ సీటు ఎలా ఇస్తుందో బుర్రకెక్కించుకోవాలి. అది ర్యాంకుల వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు రాగానే మీ మొదటి ఆప్షన్ చూస్తుంది. మీ కేటగిరీలో అక్కడ సీటుంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది, తర్వాత మూడోది. ఒకచోట సీటు దొరికిందంటే ఇక దాని కింద ఏముందో చూడనే చూడదు. మొత్తం పద్ధతి ఇంతే. ఇది అర్థం కాకే ప్రతి ఏడాదీ ఎంతోమంది నష్టపోతున్నారు.

నరసన్నపేట వైపు ఒకమ్మాయి విషయం చెబుతాను. ఆమెకు విజయనగరంలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) చదవాలని ఉంది, వచ్చే ర్యాంకే. నెట్ సెంటర్ అబ్బాయి 'ముందు గ్యారంటీగా వచ్చేవి పెడదాం' అని ఇంటి దగ్గరి కాలేజీలో సివిల్‌ని మూడో ఆప్షన్‌గా పెట్టాడు, విజయనగరం సీఎస్ఈని తొమ్మిదోది చేశాడు. మూడోది వచ్చేసింది. ఆమె ర్యాంకుకి తొమ్మిదోది కూడా వచ్చేదే, కానీ కంప్యూటర్ అక్కడిదాకా వెళ్లలేదు. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు.

కాబట్టి వచ్చేది ముందు, రానిది వెనక అనే పద్ధతి పూర్తిగా తప్పు. కావాల్సింది ముందు, అక్కర్లేనిది వెనక. మీ ర్యాంకుకి రాదనిపించే కాలేజీ మొదట పెడితే ఆప్షన్ వృథా అవుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. అది రాకపోతే కంప్యూటర్ రెండోదానికి వెళుతుంది, మీకు పైసా నష్టం లేదు. ఎన్ని ఆప్షన్లయినా ఇవ్వొచ్చు. నలభైకి తక్కువ ఇచ్చినవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. అలాగని, సీటొచ్చినా చేరను అనుకున్న కాలేజీని మాత్రం నలభయ్యో నంబరుగా కూడా రాయొద్దు.

వరస ఫోన్లో తయారుచేయొద్దు. పొడుగు నోట్‌బుక్కులో, పెన్నుతో రాయండి. వెబ్‌సైట్లో పోయిన ఏడాది లాస్ట్ ర్యాంకుల పట్టిక, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పేది, ఉంటుంది. అందులో మీ కేటగిరీ గడి, అబ్బాయికైతే బాయ్స్, అమ్మాయికైతే గర్ల్స్ గడి మాత్రమే చూడండి. చాలామంది ఓసీ గడి చూసి బెంబేలెత్తిపోతారు. పాత జిల్లాల లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఒకటే ఆంధ్రా యూనివర్సిటీ రీజియన్. ఇక్కడి కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవే. గుంటూరు పిల్లలతో మీకు పోటీ ఉంటుంది కాబట్టి మన ఊరి కాలేజీ మనకే అనుకోవద్దు. ఆ పట్టిక పనికొచ్చేది జాబితా ఎంత కిందికి రాయాలో తెలుసుకోవడానికే. పై వరస మార్చడానికి దాన్ని వాడొద్దు.

బ్రాంచి ముందా, కాలేజీ ముందా అని అందరూ అడుగుతారు. కాలేజీయే ముందు. విజయనగరంలోని గురజాడ జేఎన్‌టీయూలో ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్), ఎవరికీ తెలియని కాలేజీలో సీఎస్ఈకి మధ్య తేల్చుకోవాల్సి వస్తే నేను ఈసీఈనే పైన రాయిస్తాను. ఎంవీజీఆర్, రాజాం జీఎంఆర్ ఐటీ, టెక్కలి ఐతం లాంటివాటికి ఒకసారి స్వయంగా వెళ్లి, రెండో ఏడాది పిల్లలతో క్యాంటీన్లో మాట్లాడండి. ల్యాబులో మెషిన్లు పనిచేస్తున్నాయా, సార్లు మధ్యలో వెళ్లిపోతున్నారా అని అడగండి. బ్రోచర్లో ఇవేవీ ఉండవు. బ్రాంచి కోడ్లు కూడా నోట్‌బుక్కులోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకోండి. సీఎస్ఎం (ఏఐ, మెషిన్ లెర్నింగ్‌తో సీఎస్ఈ), సీఎస్‌డీ (డేటా సైన్స్‌తో సీఎస్ఈ), ఏఐడీ (ఏఐ, డేటా సైన్స్) వేర్వేరు కోర్సులు. ఒక అక్షరం మారితే కోర్సే మారిపోతుంది.

పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. 'మేమే పెట్టిస్తాం, మీకెందుకు శ్రమ' అంటూ కొన్ని కాలేజీల మనుషులు ఇంటికే వస్తారు. మా మండలంలో ఒక కాలేజీ తరఫున వచ్చినవాళ్లు ఒక వీధిలో పిల్లలందరి హాల్‌టికెట్ నంబర్లు, ఓటీపీలు తీసుకుని, అందరికీ తమ కాలేజీయే మొదటి ఆప్షన్‌గా పెట్టేశారు. తల్లిదండ్రులు అడిగితే గడువు అయిపోయిందన్నారు. నెట్ సెంటర్‌కి వెళ్లినా కుర్చీలో మీరే కూర్చోండి, మీ నోట్‌బుక్కు చూసి మీరే కొట్టండి. అమ్మో నాన్నో పక్కన కూర్చుని నంబర్లు పైకి చదవాలి. సేవ్ చేశాక ప్రింటు తీసి నోట్‌బుక్కుతో లైను లైనుకీ సరిచూడండి. తప్పు దొరికితే మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు. ఆఖరి రాత్రి దాకా ఆగొద్దు, సర్వర్ మొరాయిస్తుంది.

సీటు అలాట్ అయ్యాక వెబ్‌సైట్లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటు తీసుకుంటున్నానని తెలపడం) చేయాలి, గడువులోగా కాలేజీకీ వెళ్లి రిపోర్ట్ చేయాలి. రెండింట్లో ఏది మానేసినా సీటు పోతుంది. వచ్చిన సీటు నచ్చితే రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టొద్దు. పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణమే పాతది ఇంకొకరికి వెళ్లిపోతుంది, వెనక్కి రాదు. రెండో విడతకి వెళ్లేవాళ్లు, మొదటి సీటు కంటే నిజంగా మేలైనవి మాత్రమే జాబితాలో ఉంచండి, అవి రెండే అయినా సరే. మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీయే నేరుగా ఇచ్చే సీట్లు), స్పాట్‌లో (కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లు) చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. 'ఇప్పుడు చేరండి, తర్వాత చూద్దాం' అనే మాటకి అడ్వాన్సు కట్టకండి.