నూలు చీరకు సగ్గుబియ్యం గంజి ఎలా పెట్టాలి?

మంగళగిరి, వెంకటగిరి లాంటి నేత నూలు చీరలకు కొత్తలో ఉండే బిగువులో కొంత, నేతకు ముందు పడుగుకు (నిలువు దారాలకు) పట్టించిన గంజిదే. నాలుగు ఉతుకులకు అది పోతుంది. ఆ తర్వాత మనం పెట్టుకోవాల్సిందే. అన్నం వార్చిన గంజి కూడా మంచిదే, కానీ అందులో ఉప్పు పడకూడదు, పులవకముందే వాడేయాలి. కుక్కర్ ఇళ్లలో సగ్గుబియ్యమే సులువు.

ఒక చీరకు 50 గ్రాముల సగ్గుబియ్యం, మొత్తం 5 లీటర్ల నీళ్లు. బాగా బిరుసుగా కావాలంటే 75 గ్రాములు వేయండి.

సగ్గుబియ్యాన్ని 2 గంటలు నానబెట్టి, లీటరు నీళ్లలో సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ ఉడికించండి. గింజ మధ్యలోని తెల్లచుక్క పోయేదాకా దించవద్దు. ఉడకని పిండి నూలుకు అంటుకోదు, ఆరాక పొడిలా రాలిపోతుంది.

వేడి తగ్గకముందే పల్చటి గుడ్డలో వడకట్టండి. టీ జల్లెడ చాలదు. ముదురు రంగు చీరల మీద తెల్లమచ్చలు పడేది ఎక్కువగా ఇక్కడి అశ్రద్ధ వల్లే. తర్వాత మిగతా 4 లీటర్ల నీళ్లు పోసి గోరువెచ్చగా చేయండి. తెల్ల చీరైతే నీలిమందును ముందు విడిగా నీళ్లలో కలుపుకుని, ఆ నీళ్లు కొద్దిగా పోయండి.

చీరలో సబ్బు మిగలకుండా జాడించి, తడి మీదే గంజిలో ముంచండి. పొడి చీరను ముంచితే మొదట తగిలిన చోటే గంజి ఎక్కువ పీల్చుకుని చారలు పడతాయి. 5 నిమిషాలు తిప్పుతూ ఉంచండి. రంగు దిగే చీరను మరో చీరతో కలపకండి.

మెలిపెట్టి పిండకండి, ఆ ముడతలు అలాగే బిగుసుకుపోతాయి. అదిమి నీళ్లు తీసి, ఇద్దరు చెరో కొనా పట్టుకుని గట్టిగా దులిపి, అంచులు సరిచేసి నీడలో ఆరేయండి. ముసురు రోజున మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఆలస్యంగా ఆరే గంజి వాసన పట్టి బూజెక్కుతుంది.

కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఆ తడీ వేడీ కలిస్తేనే గంజి పొర నునుపుగా పరుచుకుంటుంది. పూర్తిగా ఆరిపోతే నీళ్లు చిలకరించి, చుట్టచుట్టి అరగంట ఉంచండి. పెట్టెను ఒకేచోట ఆపితే గంజి మాడి గోధుమరంగు మరక పడుతుంది.

పట్టు చీరలకు, జరీ ఎక్కువున్నవాటికి ఇది వద్దు. నెలల తరబడి బీరువాలో దాచే నూలు చీరలను కూడా గంజి పోయేలా ఉతికి, ఆరబెట్టి పెట్టండి. గంజి ఉంటే పురుగులు చేరతాయి, మడతల దగ్గర నూలు చిట్లుతుంది.