క్రూజ్ పట్టకపోతే ముందు క్లచ్ పెడల్ కింద చూడండి

రావులపాలెం దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, 80లో క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ మీద కాలు తీసినా స్పీడును తనే నిలబెట్టే ఏర్పాటు) సెట్ బటన్ నొక్కితే మీటర్‌లో క్రూజ్ గుర్తు వెలుగుతుంది గానీ స్పీడు నిలబడదు. గేర్ల బండిలో ఇలా జరిగితే స్టీరింగ్ బటన్ల మీద అనుమానపడే ముందు పెడల్ తొక్కారో లేదో బండికి చెప్పే పెడళ్ల స్విచ్‌లు చూడండి. క్లచ్ కొంచెం కిందికి ఉన్నట్టు ఆ స్విచ్ చెప్పినా క్రూజ్ పట్టదు.

బండి ఆపి, డ్రైవరు వైపు మ్యాట్ తీసేయండి. మ్యాట్ మీద మ్యాట్ వేసుకునే అలవాటు మనకి ఎక్కువే. దాని అంచు తగిలి పెడల్ పూర్తిగా పైకి రాదు. కాలి వేలితో క్లచ్‌ని పైకెత్తితే టిక్‌మంటే, పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట.

మ్యాట్ తీసినా మారకపోతే 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పి, క్లచ్ స్విచ్ ప్లగ్ ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు పిన్నులు శుభ్రం చేసే స్ప్రే) రెండు చిన్న స్ప్రేలు కొట్టి పావుగంట ఆరనివ్వండి. మన కాలవగట్ల తేమకి పిన్నులకి పచ్చటి చిలుము పడుతుంది. బ్రేక్ స్విచ్‌కీ ఇంతే. వెనక లైటు వెలుగుతోంది కదా అని దాన్ని వదిలేయకండి, చాలా బండ్లలో క్రూజ్‌కి అందులోనే వేరే కాంటాక్టు ఉంటుంది.

ఇంజన్ లైటో ఏబీఎస్ లైటో వెలుగుతుంటే ఈ చిట్కా పనిచేయదు, మెకానిక్ దగ్గర స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పులు చదివే పరికరం) పెట్టించాల్సిందే. క్లచ్ స్విచ్ వైర్లు కలిపేయమని ఎవరైనా అంటే మాత్రం వినకండి: క్లచ్ తొక్కినా క్రూజ్ వదలదు, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది.