బోర్డులు చూసి ఊరిని చదవడం ఎలా?

కొత్త ఊళ్లో దిగితే బస్టాండు నుంచి మార్కెట్ దాకా ఆటో ఎక్కకుండా నడవండి, దారిలో బోర్డులు చదవండి. ఏ భాష పైన ఉంది, ఏది కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఏది అసలు లేదు అన్నది చూస్తే ఆ ఊళ్లో ఎవరుంటున్నారో, ఎవరు వచ్చిపోతున్నారో, డబ్బు ఎటునుంచి వస్తోందో చాలావరకు తెలిసిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. బోర్డు ఊళ్లో ఉన్న అందరి కోసం రాయించరు, డబ్బు పెట్టినవాడు ఎవరు చదవాలనుకుంటే వాళ్ల కోసం రాయిస్తాడు.

ముందు సర్కారు బోర్డుల్ని పక్కన పెట్టండి. రైల్వే స్టేషన్లో పసుపు పలక మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉంటాయి. నిడదవోలులో అయినా నరసాపురంలో అయినా అదే వరస, కాబట్టి అక్కడ హిందీ ఉందని ఊళ్లో హిందీవాళ్లు ఉన్నారనుకుంటే పప్పులో కాలేసినట్టే. మైలురాళ్లూ అంతే. తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, అంతకుమించి అవి ఊరి గురించి ఏమీ చెప్పవు. షాపులకు కూడా తెలుగు ఉండాలని, వేరే భాష ఉంటే దాని కింద రాయాలని నిబంధన ఉంది. ఎంతమంది పాటిస్తున్నారన్నది మీరే చూస్తారు. నిబంధన కోసం రాసింది ఎలాగూ ఉంటుంది, ఎవరూ అడగకుండా రాయించింది ఏదన్నదే మనకి కావాల్సింది. పెద్ద కంపెనీలు అన్ని ఊళ్లకీ ఒకే డిజైన్‌లో పంపే బోర్డుల్నీ లెక్కలోంచి తీసేయండి.

ఇది ఒంటబట్టాలంటే కాకినాడ నుంచి యానాం వెళ్లండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కింద ఉన్న ఊరు. పుదుచ్చేరి 1965లో చేసిన అధికార భాషల చట్టం యానాంకి తెలుగునే ఉంచింది. అందుకని హద్దు దాటినట్టు భాషని బట్టి తెలీదు, ఆఫీసు బోర్డు మీద ప్రభుత్వం పేరు మారడాన్ని బట్టి, బళ్ల నంబర్లు పీవై 04తో మొదలవడాన్ని బట్టి తెలుస్తుంది.

ఇక అసలు పని. తెలుగు, ఇంగ్లీషు కాకుండా మూడో లిపి ఎక్కడ కనిపించినా ఆగండి. లిపులు రాకపోయినా గుర్తుపట్టొచ్చు. కన్నడం మన అక్షరాల్లాగే ఉంటుంది గానీ తలకట్టు వేరు, మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా సాగుతుంది. ఒడియా అక్షరాల నెత్తిన గుండ్రటి వంపు ఉంటుంది, బెంగాలీకి పైన అడ్డగీత, కింద కోసు కోణాలు. నాగరి లిపి కనబడగానే హిందీ అనేయకండి, కూడబలుక్కుని చదవగలిగితే వాక్యం చివర చూడండి. ‘హై’ అని ఉంటే హిందీ, ‘ఆహే’ అని ఉంటే మరాఠీ. పిఠాపురంలో ఇది బాగా పనికొస్తుంది. దత్తాత్రేయుడి అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుల కోసం మహారాష్ట్ర, కర్ణాటక నుంచి దత్త భక్తులు వస్తారు కాబట్టి గుడి చుట్టుపక్కల లాడ్జీలు, భోజనం హోటళ్ల దగ్గర ఈ భాషల కోసం చూడండి. అలా కనిపించాయని పిఠాపురంలో మరాఠీవాళ్లు కాపురం ఉంటున్నారని కాదు. బోర్డు గుడి దగ్గరే ఉండి ఊరి లోపలి వీధుల్లో లేకపోతే వాళ్లు వచ్చిపోయేవాళ్లు. కిరాణా కొట్టు మీద, ట్యూషన్ సెంటర్ మీద కూడా కనిపిస్తే అప్పుడు ఉంటున్నవాళ్లు.

అన్నిటికంటే నమ్మదగ్గవి చేత్తో రాసిన కాగితాలు. ఫ్లెక్సీ మోజు కోసం కూడా వేయిస్తారు, కాగితం మాత్రం అవసరం మెడ మీదికి వస్తేనే అంటిస్తారు. భీమవరం వైపు ఒక రీచార్జ్ షాపు చూశాను, పైన ఫ్లెక్సీ అంతా తెలుగూ ఇంగ్లీషూ, గాజు తలుపుకి లోపలినుంచి టేపుతో అంటించిన నోట్‌బుక్ కాగితం మీద మాత్రం బాల్‌పెన్నుతో హిందీలో ఇంటికి డబ్బులు పంపుతామని రాసి ఉంది. కింద అదే మాట ఇంకెవరో వేరే చేతిరాతతో ఒడియాలో రాశారు, బహుశా డబ్బు పంపడానికి వచ్చినవాళ్లలోనే ఒకరై ఉంటారు. రొయ్యల ప్లాంట్లలో పనికి ఒడిశా, బెంగాల్, బీహార్ వైపు నుంచి వచ్చినవాళ్ల సంగతి ఆ కాగితం చెప్పినంతగా ఊరి ముందు స్వాగత ద్వారం చెప్పదు.

అదే కోనసీమలో, నరసాపురం వైపు చూడండి. ఇక్కడినుంచి కువైట్, దుబాయ్, ఖతార్ వెళ్లినవాళ్లు, ముఖ్యంగా ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు, చాలామంది. అయినా అరబిక్ బోర్డు కోసం వెతక్కండి. వీసాలు, పాస్‌పోర్టులు, మెడికల్ టెస్టులు అంటూ ఉండేవన్నీ తెలుగులోనే ఉంటాయి, ఎందుకంటే చదవాల్సినవాళ్లు మనవాళ్లే. బయటివాళ్లు వచ్చే ఊళ్లో వాళ్ల భాష కనిపిస్తుంది, మనవాళ్లు బయటికి వెళ్లే ఊళ్లో పరాయి ఊరి పేరు మాత్రం తెలుగులో కనిపిస్తుంది.

బోర్డు వయసు కట్టడం కూడా నేర్చుకోండి, లేకపోతే పాత సంగతిని ఇప్పటి సంగతి అనుకుంటారు. అమలాపురంలో షాపు మీద ‘తూర్పు గోదావరి జిల్లా’ అని ఉంటే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీయకముందుది అనుకోవచ్చు. 08856తో ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే ఇంకా పాతది. రాజమండ్రిలో ‘రాజమహేంద్రవరం’ అని ఉంటే ఎక్కువగా 2015 తర్వాతి సర్కారు బోర్డే, జనం మాత్రం రాజమండ్రి అనే అంటారు. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ, అందులో మొదటి సీ కొకనాడా అన్న ఇంగ్లీషువాళ్ల రోజులనాటి స్పెల్లింగుది.

ఇక లేని భాష. ఇది కష్టం, కానీ ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది. పల్లెవెలుగు బస్సు ముందు పలక తెలుగులో ఉంటుంది, బెంగాల్ నుంచి నాట్లకి వచ్చినవాడు ఎవరినో ఒకర్ని అడక్కుండా ఎక్కలేడు. ఆసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర, మందుల షాపు దగ్గర కూడా ఇలాగే చూడండి. ఆ మనిషి భాష కూలి ఇచ్చే చోట, డబ్బు పంపే చోట ఉండి జబ్బు చేస్తే వెళ్లే చోట లేకపోతే, ఊరు ఆ మనిషిని ఎంతవరకు లెక్కలోకి తీసుకుందో తెలుస్తుంది. కోనసీమలో పొలాల మధ్య గ్యాస్ పైపులైను హెచ్చరిక పలకలు కనిపిస్తే ఇంకాస్త జాగ్రత్తగా చదవండి. 2014 జూన్ 27న నగరం అనే పల్లెలో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయిన ప్రాంతం ఇది. తవ్వకూడదన్న మాట తెలుగులో ఎంత సైజులో ఉంది, పొక్లెయిన్ నడిపేవాడు వేరే రాష్ట్రం వాడైతే వాడికి అర్థమయ్యేలా ఉందా చూడండి. ఇంగ్లీషు పెద్దగా, తెలుగు చీమల్లా ఉంటే ఆ పలక రైతు కోసం పాతింది కాదు, రేపు ఏదైనా జరిగితే ‘బోర్డు పెట్టాం కదా’ అనడానికి పాతింది.

ఫోటోలు తీసేటప్పుడు షాపాయన్ని అడిగి తీయండి, లేకపోతే ఏ ట్యాక్సువాళ్లో అనుకుని టెన్షన్ పడతారు. కాగితం మీద ఫోన్ నంబరుంటే ఫోటో బయట పెట్టేముందు చెరిపేయండి. ఒకే బోర్డు చూసి ఏదీ తేల్చకండి, అదే వీధికి ఒకసారి నాట్ల టైములో, ఒకసారి కోతలయ్యాక వెళ్లండి. చివరగా ఊళ్లో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుకి వెళ్లి, ఈమధ్య తెలుగు కాకుండా ఇంకే భాషలో వేయమని అడుగుతున్నారో కనుక్కోండి. రాని భాషలో మ్యాటర్‌ని కస్టమర్ వాట్సాప్‌లో పంపితే అలాగే అతికించేది ఆ కుర్రాళ్లే. ఎవరు పంపారో, ఎందుకు పంపారో కంప్యూటర్ ముందు కూర్చునే చెప్పేస్తారు.