టొరెంటు నత్తనడక నడుస్తోందా? రౌటర్ జోలికి వెళ్ళే ముందు

"అన్నా, 100 ఎంబీపీఎస్ లైను పెట్టించా, టొరెంటు 11 దాటి చావట్లేదు" అని మా బాబాయి కొడుకు ఫోన్. టొరెంటంటే ఒకే ఫైలుని చాలామంది కంప్యూటర్ల నుంచి ముక్కలుగా దింపుకునే పద్ధతి. 11 ఏంట్రా అంటే 11 ఎంబీ అన్నాడు. వాడి లైనుకి ఏ జబ్బూ లేదు. ప్లాన్లో చెప్పే లెక్క మెగాబిట్లలో, టొరెంటు సాఫ్ట్‌వేర్ చూపించేది మెగాబైట్లలో. ఎనిమిదితో భాగించాలి. 100కి 12.5 పైకప్పు. మీకు 10, 11 వస్తుంటే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

200 కేబీ దగ్గరే మూలుగుతుంటే మాత్రం ముందు ఒక పరీక్ష. ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సైట్లో డెస్క్‌టాప్ ఐఎస్‌వోకి (ఇన్‌స్టాల్ చేసే ఫైలుకి) టొరెంట్ ఫైలు ఉంటుంది, దాన్ని ఎక్కించండి. దానికి సీడర్లు, అంటే పూర్తి ఫైలు దగ్గర పెట్టుకుని పంచేవాళ్ళు, ఎప్పుడూ బోలెడు. అది పరుగెత్తి, మీ ఫైలు ఒక్కటే పాకుతుంటే లోపం మీ ఇంట్లో లేదు, ఆ ఫైలు ఇచ్చేవాళ్ళే లేరు. సీడర్లు సున్నా అని ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. ఉబుంటు కూడా పాకుతుంటే ముందుకి రండి.

స్పీడ్ టెస్ట్ బాగుంది, టొరెంట్లన్నీ నెమ్మది

క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంటు సాఫ్ట్‌వేర్ కిటికీ అడుగున చిన్న గుర్తు ఉంటుంది. దాని మీద మౌస్ పెడితే 'నో డైరెక్ట్ కనెక్షన్స్' అని వస్తోందా? అంటే మీరు ఇతరుల దగ్గరికి వెళ్ళగలరు, మీ దగ్గరికి ఎవరూ రాలేరు. అవతలివాడిదీ అదే పరిస్థితి అయితే ఇద్దరికీ కలవడం కష్టం. సీడర్లు కొద్దిమందే ఉన్న ఫైలుకి ఈ దెబ్బ బాగా తెలుస్తుంది.

దీనికి అందరూ చెప్పే మందు పోర్ట్ ఫార్వర్డింగ్: బయటి నుంచి ఒక నంబరు తలుపుకి (పోర్టుకి) వచ్చేవాళ్ళని రౌటర్ మీ కంప్యూటర్‌కి పంపేలా చేయడం. నేనూ రెండు సాయంత్రాలు దాని మీదే కూర్చున్నా. రౌటర్ పేజీలో రూలు రాశా, విండోస్ ఫైర్‌వాల్లో అనుమతి ఇచ్చా, పోర్టు మార్చా. గుర్తు మారలేదు. చివరికి రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ ఇచ్చేవాళ్ళు రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) చూస్తే 100.72తో మొదలైంది. గూగుల్లో 'మై ఐపీ' అని కొడితే వేరే నంబరు. అప్పుడర్థమైంది: నెట్ ఇచ్చేవాళ్ళు ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్ళకి పంచుతున్నారు. దీన్నే సీజీ-న్యాట్ అంటారు. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు దీనికోసమే కేటాయించినవి. అపార్ట్‌మెంట్ మెయిన్ గేటుకి తాళం ఉంటే మన ఫ్లాట్ తలుపు తీసి ఏం లాభం?

కాబట్టి మొదట ఆ రెండు నంబర్లు పోల్చండి. ఒకటే అయితే రౌటర్లో యూపీఎన్‌పీ (సాఫ్ట్‌వేరే తనకి కావాల్సిన పోర్టు తెరిపించుకునే సౌకర్యం) ఆన్ చేయండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పాత 6881–6889 పోర్టులు వాడకండి, కొన్ని నెట్‌వర్కులు వాటిని నొక్కిపెడతాయి. 49152 పైన ఏదైనా పెట్టుకోండి. నంబర్లు వేరైతే రెండు దారులున్నాయి: నెలకి కొంత కట్టి స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని చిరునామా) తీసుకోవడం, లేదా రౌటర్లో ఐపీవీ6 (కొత్త రకం చిరునామాలు) ఆన్ చేసి, ఆ పోర్టుకి రౌటర్ ఫైర్‌వాల్లో దారి ఇవ్వడం. రెండోదానికి పైసా ఖర్చు లేదు.

టొరెంటు పెడితే ఇంట్లో అందరి నెట్టూ చస్తోంది

అప్‌లోడ్ నిండిపోయింది. డౌన్‌లోడ్ అయ్యే ప్రతి ముక్కకీ 'అందింది' అని రసీదు వెనక్కి వెళ్ళాలి. మీ అప్‌లోడ్ దారి మూసుకుపోతే ఆ రసీదులూ ఇరుక్కుంటాయి, దాంతో డౌన్‌లోడూ పడిపోతుంది. అప్‌లోడ్‌కి పరిమితి పెట్టండి, స్పీడ్ టెస్టులో వచ్చినదాంట్లో 80 శాతం దాకా. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 2000 కేబీ.

అలాగని పిసినారితనంతో 5 కేబీ పెట్టకండి. బిట్‌టొరెంటు ఇచ్చిపుచ్చుకునే బేరం. అవతలి సాఫ్ట్‌వేర్ దాదాపు పది సెకన్లకోసారి ఎవరు బాగా ఇస్తున్నారో లెక్క చూసుకుని వాళ్ళకే తిరిగి ఇస్తుంది.

రౌటర్ ఆపి వేస్తే అరగంట బాగుండి మళ్ళీ మొరాయిస్తోందంటే కనెక్షన్లు ఎక్కువయ్యాయి. క్యూబిట్‌టొరెంట్ సెట్టింగుల్లో మొత్తం కనెక్షన్ల పరిమితి 500 ఉంటుంది మామూలుగా. నెట్‌తో పాటు ఇచ్చిన చవక రౌటర్‌కి 150 చాలు.

ఎగరడం, సున్నాకి పడడం, మళ్ళీ ఎగరడం

ఇది నెట్ సమస్య కాకపోవచ్చు. పాత హార్డ్ డిస్కుకో పెన్‌డ్రైవుకో దింపుతున్నారా? అందులోకి 2 జీబీ ఫైలు ఒకటి కాపీ చేసి చూడండి. అక్కడా ఆగి ఆగి వెళ్తే దొంగ దొరికినట్టే. దింపడం ఎస్‌ఎస్‌డీలోకి పెట్టి, పూర్తయ్యాక మార్చుకోండి.

నెలాఖర్లోనే ఇలా అవుతుంటే డేటా పరిమితి దాటారేమో ఆపరేటర్ యాప్‌లో చూడండి.

వైఫైలో నెమ్మది, కేబుల్ పెట్టినా అంతే

వైఫైలోనే నెమ్మదైతే 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరుకి మారండి, మధ్యలో రెండు గోడలుంటే దగ్గరికి జరగండి. కేబుల్ మీదా నెమ్మది అన్నది మా ఇంట్లో జరిగింది. 300 ప్లాను, కేబుల్ మీద ఎంతసేపూ 11 ఎంబీయే. విండోస్ నెట్‌వర్క్ వివరాల్లో లింక్ స్పీడ్ 100 అని ఉంది, 1000 ఉండాల్సిన చోట. గిగాబిట్‌కి కేబుల్లో ఎనిమిది తీగలూ పనిచేయాలి, ఒక జత పోయినా రెండు వైపులా రాజీపడి 100కి దిగిపోతాయి. వెతుక్కుంటూ పోతే బెడ్‌రూమ్ తలుపు సందులో కేబుల్ నలిగి చప్పిడిగా అయి ఉంది. కొత్త క్యాట్ 6 వేసి, తలుపు పై నుంచి తిప్పా.